ఎడమ చక్రం మీద బొట్టు

పాండురంగారావు బండికి వణుకు అరవై దాటాక మొదలయ్యేది. అరవై దాకా అంత బుద్ధిమంతురాలైన బండి గుంటూరు జిల్లా మొత్తం వెతికినా దొరకదు. అరవై రెండు దగ్గర స్టీరింగ్ అతని చేతుల్లో సన్నగా గొణిగేది. అరవై ఎనిమిదికి వణుకు మోచేతుల దాకా పాకేది. డెబ్బై అయిదుకి వెనక చూసే అద్దం, తలుపు అరలో నీళ్ల సీసా, అతని కిందిపెదవి అన్నీ ఒక్క తాళానికి ఊగేవి. ఎనభై మీద ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అక్కడిదాకా వెళ్లి చూసే గుండె అతనికి లేదు. ఎవరన్నా అడిగితే మాత్రం, ఈ రోడ్ల మీద డెబ్బై చాలండి, ప్రాణం ముఖ్యం అని పెద్దమనిషిలా జవాబు చెప్పేవాడు.

తెనాలిలో అతనికి విత్తనాల దుకాణం ఉంది. వరి, మినుము, జొన్న. యాభై నాలుగేళ్ల వయసులో, ఏడాదిన్నర కిందట, ముందూ వెనకా సీట్లుండి వెనక బస్తాలకు తొట్టి ఉన్న ఫోర్ వీల్ పికప్ ఒకటి కొన్నాడు. కాలవగట్టు కన్నా ఎత్తైన ప్రదేశం కనబడని ఈ డెల్టాలో నాలుగు చక్రాలూ లాగే బండి ఎందుకని అందరూ అడిగారు. బాపట్లలో షెడ్డు నడిపే ఎజ్రా అయితే, కొనకముందే మొహం మీదే చెప్పాడు. "దీంతో మీకేం పనండీ. విత్తనాల బస్తాలు కొండెక్కుతాయా?" అన్నాడు. పాతికేళ్లుగా పాండురంగారావు బళ్లన్నీ బాగుచేసింది ఎజ్రాయే. ఆ ఒక్కమాటకి పాండురంగారావు ఎజ్రా షెడ్డు వైపు బండి తిప్పడం మానేశాడు. కొత్త బండికి మెకానిక్‌తో పనేముందని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు.

బండి ఇంటికొచ్చిన రోజు పూజ చేస్తూ అతని భార్య అనసూయ ముందు చక్రం దగ్గర ఆగింది. చక్రం నట్టనడుమ అరచేతిలో సగం ఉండే గుండ్రటి బిళ్ల ఒకటి ఉంది. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, ఒక బాణం గుర్తు. ఇదేంటండీ అని అడిగింది. అదేంటో అతనికీ తెలియదు. షోరూమ్ కుర్రాడు గంటసేపు చెప్పాడు గానీ, ఆ గంటా ఇతగాడు బండి పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. తెలియదని అనడానికి నోరు రాలేదు. "అది చక్రానికి నాభి. బొట్టు పెట్టాల్సింది అక్కడే," అని చెప్పేశాడు. అనసూయ హైస్కూల్లో లెక్కల టీచరు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి. దేవుడి విషయంలోనూ, మొగుడి విషయంలోనూ మాత్రం కొంచెం చూసీ చూడనట్టు పోతుంది. ఆ రోజు రెండు నాభుల మీదా చిక్కగా పసుపు రాసి, రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. ఆ తరవాత ప్రతి శుక్రవారం, పాత పసుపు మీద కొత్త పసుపు, పాత కుంకుమ మీద కొత్త కుంకుమ. నీళ్లు కొట్టి బండి కడిగేవాళ్లు కూడా ఆ బొట్ల మీదికి గొట్టం తిప్పేవాళ్లు కాదు.

వణుకు ఎప్పుడు మొదలైందో పాండురంగారావుకి ఖచ్చితంగా తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. కథలో తప్పు ఎవరిదని అడిగితే, ఇక్కడి నుంచి చివరిదాకా అతనిదే.

జులైలో, నాట్ల ముందు, పిట్టలవానిపాలెం దగ్గర ఒక రైతుకి విత్తనం ఇవ్వడానికి వెళ్లాడు. రోడ్డు మీద ఆపి బస్తాలు దింపితే సరిపోయేది. ఫోర్ వీల్ ఉంచుకుని రోడ్డు మీద ఆగడమేంటని చేలోకి దింపాడు. నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేసిన చేను. పది గజాలు వెళ్లి బండి కూలబడింది. అతను గేరు పక్కనున్న చిన్న లివరు దర్జాగా లాగాడు. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ గుర్తు పచ్చగా వెలిగింది. బండి ఇంకో జానెడు దిగింది. గట్టు మీద నాట్లకు వచ్చిన ఆడవాళ్లు నారు కట్టలు పక్కన పెట్టి కూర్చుని మరీ చూశారు.

పక్క చేలో ట్రాక్టరు తోలుతున్న కిరణ్ కుమార్ వచ్చి మోకాళ్ల లోతు బురదలో దిగాడు. ఎడమ చక్రం దగ్గర వంగి, బురద పూసుకుపోయిన బిళ్లని రెండు చేతులతో పట్టుకుని ఏదో తిప్పాడు. కుడివైపుకి వచ్చి అక్కడా చెయ్యి పెట్టబోతుంటే పాండురంగారావుకి ఒళ్లు మండింది. అప్పటికే పరువు పోయింది, ఇంకా ఎవడో వచ్చి తన బండి మీద చేతులేయడమేంటి? "దాన్ని కదపకు, మా ఆవిడ పెట్టిన బొట్టది," అని గదిమాడు. కిరణ్ కుమార్ భుజాలెగరేసి, చేతులు కడుక్కుని, ట్రాక్టరుకి మోకు కట్టి లాగాడు. ఫోర్ వీల్ బండి ట్రాక్టరు వెనక, తాడు కట్టిన దూడలా ఒడ్డుకొచ్చింది. ఆడవాళ్లు చేతులతో నోళ్లు మూసుకున్నారు గానీ భుజాలు ఊగడం అతనికి కనబడింది.

ఇంటికొచ్చే ముందు పొన్నూరులో బండి కడిగించుకుని, చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. ఆ శుక్రవారం అనసూయ మామూలుగానే కొత్త బొట్టు పెట్టింది. సోమవారానికి వణుకు పైకి తేలింది.

రోజూ పొద్దున అతను బాపట్ల రోడ్డు మీద ఊళ్లు తిరగడానికి బయల్దేరేవాడు. అనసూయ బడి పొన్నూరు దగ్గర. ఎడమవైపు సీట్లో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దారి పొడుగునా పేపర్లు దిద్దుకునేది. ఆ ముప్పావుగంటే వాళ్లిద్దరికీ రోజులో తీరిగ్గా దొరికే సమయం. మాట్లాడుకునేది తక్కువే. ఆమె ఎర్రపెన్ను గీత చప్పుడు, మధ్యమధ్యలో ఏదో పిల్లవాడి జవాబు చదివి నవ్వుకోవడం, అంతే. అతనికి ఆ నవ్వు వినబడితే చాలు, ఆ రోజు దుకాణంలో ఎవరితో అయినా బేరం ఆడగలిగేవాడు.

వణుకొచ్చాక ఆమె పెట్టే రైటు మార్కు కాగితం మీద అటూ ఇటూ జారిపోయేది. ఏడో తరగతి పిల్లవాడి పేపరులో సరైన లెక్క మీద పెట్టిన రైటు, తప్పు మార్కులా పడింది. ఆ పిల్లవాడి తండ్రి బడికి వచ్చి, ఇది రైటా తప్పా మేడం, మా వాడు రెండు రోజులుగా అన్నం తినట్లేదు అని అడిగాడు. అనసూయ ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కమాటే చెప్పింది. రేపటి నుంచి బస్సులో వెళ్తానంది. నాలుగు నెలలయింది. బస్సులోనే వెళ్తోంది. ఎడమ సీట్లో అతను మినుముల శాంపిల్ సంచులు పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఊరుకోలేదు పాపం. తెనాలిలో చక్రాలు సరిచూసే కార్తీక్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి అలైన్‌మెంట్ తప్పిందన్నాడు, సరిచేశాడు. రెండోసారి చక్రాలు బ్యాలెన్స్ తప్పాయని అంచుల్లో సీసం ముక్కలు కొట్టాడు. రిమ్ముల లోపల ఎండిన నల్లమట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. చేలో దింపారా అని కార్తీక్ అడిగితే, దారిలో వాన అని చెప్పాడు. ఆ మట్టి రాలాక వణుకు అరవై రెండు నుంచి అరవై అయిదుకి జరిగింది. ఆ మూడు కిలోమీటర్లకి అతను అనసూయకి ఇంత మొహం చేసుకుని చెప్పాడు. బస్సు అసలు వణకదండి అందామె.

మూడోసారి ముందు టైర్లు రెండూ మార్చాడు. తరవాత ఇంటర్నెట్‌లో చూసి స్టీరింగ్ రాడ్ల చివర్లు మార్పించాడు, రబ్బరు బుష్‌లు మార్పించాడు. రాత్రంతా వీడియోలు చూసి, పొద్దున దుకాణానికొచ్చిన రైతులకి సస్పెన్షన్ గురించి పాఠం చెప్పేవాడు. వాళ్లు మినుము విత్తనం అడిగితే ఇతను బుష్‌ల సంగతి చెప్పేవాడు. ఎవరు ఏ భాగం మార్చినా, ముందు చక్రం నడుమ పసుపూ కుంకుమా కనబడగానే చేయి వెనక్కి తీసి, దాన్ని తప్పించి పనిచేసేవాళ్లు. మర్యాదస్తులు.

దసరా వెళ్లాక అనసూయ తేల్చి చెప్పింది. కొల్లిపరలో ఆమె తోటి టీచరు తమ్ముడు కిరీటి ఇలాంటి బండి కోసం చూస్తున్నాడు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు. ఒక మామూలు కారు చూసుకుందాం. "ఊరికే మోజుపడి కొన్నారు. మోజు తీరింది కదా, అమ్మేయండి," అంది. కోపంగా అనలేదు. అది అతనికి ఇంకా బాధ.

మోజు కాదని అతను చెప్పలేకపోయాడు. చెప్పాలంటే మూడేళ్ల కిందటి తుఫాను రోజు సంగతి ఎత్తాలి. రేపల్లెలో అనసూయ నాన్నకి ప్రాణం మీదికి వచ్చిందని ఫోను వస్తే, పాత కారులో ఇద్దరూ బయల్దేరారు. భట్టిప్రోలు దాటాక రోడ్డు మీద నీళ్లు. రేపల్లె రెండు కిలోమీటర్లు ఉందనగా కారు ఆగిపోయింది. ఆ నీళ్లలో నడిచి వాళ్లు ఇల్లు చేరేసరికి పెద్దాయన పోయి ఇరవై నిమిషాలయింది. అనసూయ అతన్ని ఒక్కమాట అనలేదు, అప్పుడూ, తరవాతా. ఆమె అనని ఆ మాటే అతన్ని ఏడాదిన్నర తిప్పి తిప్పి చివరికి షోరూమ్‌కి తీసుకెళ్లింది. బస్తాలకని చెప్పి కొన్నాడు. ఇంకోసారి నీళ్లొస్తే ఈ మనిషిని ఆపకుండా తీసుకెళ్లే బండి కావాలని కొన్నాడు. అదే ఇప్పుడు ఆమె ఎక్కని బండి అయింది.

గురువారం నాడు పాండురంగారావు సిగ్గు విడిచి ఎజ్రాకి ఫోను చేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు వాతావరణం గురించి మాట్లాడాడు, తరవాత చర్చి పైకప్పు పని ఎందాకా వచ్చిందని అడిగాడు. ఎజ్రా అన్నిటికీ జవాబులు చెప్పి, సంగతి ముందే చెవిన పడ్డవాడిలా, "బండి ఎక్కడ వణుకుతుందండీ?" అని అడిగాడు. ఇతను టై రాడ్లు, బుష్‌లు, క్యాంబరు అంటూ వీడియోలన్నీ అప్పజెప్పాడు. ఎజ్రా చివరిదాకా విని శనివారం రమ్మన్నాడు. ఒక షరతు పెట్టాడు.

"టీచర్ గారిని కూడా తీసుకురండి. నడిపేవాళ్ల మాట నేను నమ్మనండి. వాళ్లకి అలవాటైపోద్ది. బాధ పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తది."

రెండో శనివారం, బడికి సెలవు. అనసూయ వస్తానంది గానీ బండిలో కాదు. తెనాలిలో ప్యాసింజరు ఎక్కి బాపట్లలో దిగింది, దిద్దాల్సిన పేపర్ల కట్ట సంచిలో పెట్టుకుని. పాండురంగారావు ఒక్కడే అరవైలో వణక్కుండా వచ్చి ఆమె కన్నా అరగంట ఆలస్యంగా షెడ్డు చేరాడు. అప్పటికే ఎజ్రా ఆమెకి కుర్చీ వేసి, టీ తెప్పించి, తన కూతురు జెన్నిఫర్ నర్సింగ్ చదువు గురించి చెబుతున్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లజుట్టు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. దాని మీద మరక పడకుండా ఇంజను విప్పగలడని బాపట్లలో పేరు.

ఎజ్రా బండి చుట్టూ ఒకసారి తిరిగి, దేన్నీ ముట్టుకోకుండా, ఒక్క ప్రశ్న అడిగాడు. వణుకు మొదలవకముందు ఈ బండి మీద ఎవరన్నా చెయ్యి వేశారా? లేదండి అన్నాడు పాండురంగారావు. ఎంత తొందరగా అన్నాడంటే, అనసూయ టీ గ్లాసు మీదుగా అతన్ని చూసింది.

చీరాల రోడ్డు మీదికి వెళ్లారు. పాండురంగారావు నడిపాడు, అనసూయని ఎప్పటి చోటే కూర్చోబెట్టారు, ఎజ్రా వెనక కూర్చుని కళ్లు మూసుకుని అరచెయ్యి కాళ్ల కింది రేకు మీద ఆనించాడు. డెబ్బై దగ్గర అంతా ఊగసాగింది. ఎజ్రా గేరు న్యూట్రల్‌లో వేయమన్నాడు. ఇంజను గొంతు తగ్గింది, వణుకు మాత్రం అలాగే ఉంది. అయితే ఇంజనుదీ గేరుబాక్సుదీ కాదు అన్నాడు ఎజ్రా, కళ్లు తెరవకుండానే. తరవాత అనసూయని అడిగాడు, ముందు ఎక్కడ తెలుస్తుందమ్మా, సీట్లోనా, కాళ్ల కిందా అని.

"కాళ్ల కింద," అంది అనసూయ. "నా కాళ్ల కిందే మొదలవుద్దండి. ఆయనవైపు తరవాత వెళ్తుంది. మొదటి రోజు నుంచీ అంతే."

పాండురంగారావు తల తిప్పి ఆమెని చూశాడు. నాలుగు నెలలు, మూడుసార్లు కార్తీక్, రెండు టైర్లు, అన్ని బుష్‌లు, ఎన్నో వీడియోలు. ఆ ఎడమ సీట్లో కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కసారి అడగలేదు. చెప్పలేదేం అని అడుగుదామనుకుని, అడిగితే వచ్చే జవాబు తెలిసి, రోడ్డు వైపు తిరిగాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక ఎజ్రా ముందు చక్రాలు రెండూ జాకీల మీద గాల్లోకి లేపాడు. కుడి చక్రాన్ని చేత్తో తిప్పాడు. చప్పుడు లేకుండా తేలిగ్గా తిరిగింది. ఎడమ చక్రాన్ని తిప్పాడు. అది బరువుగా, గరగరమంటూ తిరిగింది, దానితోపాటు బండి కింద ఇంకేదో తిరిగింది. ఎజ్రా వంగి టార్చి వేసి పాండురంగారావుని రమ్మన్నాడు. చక్రం నుంచి లోపలికి వెళ్లే ఇనుప షాఫ్టు ఒకటి చక్రంతో కలిసి తిరుగుతోంది. మామూలు రోడ్డు మీద పోయేటప్పుడు ఇది పడుకుని ఉండాలండి, దీన్ని ఎవరు లేపారు అని అడిగాడు. రెండోసారి అడిగాడు, ఎవరన్నా చెయ్యి వేశారా అని. పాండురంగారావు మళ్లీ లేదన్నాడు. ఈసారి అంత తొందరగా అనలేకపోయాడు.

ఎజ్రా లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "డాక్టరు దగ్గర దాచొచ్చండి, వాళ్ల దగ్గర మిషన్లున్నాయి. నా దగ్గర మీ మాటే ఉంది. మూడోసారి అడుగుతున్నా."

అనసూయ కుర్చీలోంచి లేచి వచ్చి అక్కడే నిలబడింది. ఆదివారం కిరీటి వస్తాడు. బండి వెళ్లిపోతుంది. ఇద్దరూ కారులో వెళ్తారు, పేపర్లు కూడా దిద్దుకోవచ్చు, అంతా బాగానే ఉంటుంది. ఆమె మాత్రం, మొగుడు ముచ్చటపడి ఒక బొమ్మ కొనుక్కున్నాడని జీవితాంతం అనుకుంటుంది. అది తలుచుకుంటే పరువు కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది. పాండురంగారావు నేల చూస్తూ అంతా చెప్పాడు. దమ్ము చేను, పచ్చగా వెలిగిన గుర్తు, కిరణ్ కుమార్, ట్రాక్టరు, మోకు, ఆడవాళ్లు, పొన్నూరులో మార్చుకున్న చొక్కా. కుడివైపు కిరణ్ కుమార్ చెయ్యి పెట్టబోతే బొట్టు పేరు చెప్పి గదిమిన సంగతి కూడా చెప్పాడు.

ఎజ్రా నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎడమ చక్రం ముందు గొంతుకూర్చుని ఆ పసుపు ముద్దని కాసేపు చూశాడు. తరవాత అనసూయకి ఒక తడిగుడ్డ అందించాడు.

"ఇది మీరు పెట్టిన బొట్టమ్మా. దీని మీద నా నూనె చెయ్యి వెయ్యను. మీరే తుడవండి."

అనసూయ కొంగు బిగించి కింద కూర్చుంది. గుడ్డతో పోలేదు. బొటనవేలి గోటితో గీకింది. నాలుగు నెలల శుక్రవారాలు పొరలు పొరలుగా ఊడి పడ్డాయి. కింద బాణం కనబడింది, బాణం చూపించే చోట ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. లాక్ అని చదివింది. లేచి కుడివైపుకి వెళ్లింది. అక్కడ ఏడాదిన్నర శుక్రవారాలు ఉన్నాయి, ఇంకాసేపు పట్టింది. అక్కడ బాణం ఇంకో మాట మీద ఉంది. ఫ్రీ.

ఎజ్రా ఆమెకే చెప్పాడు, పాఠం ఎవరికి ఎక్కుతుందో తెలిసినవాడిలా. ఈ బిళ్లలు తిప్పితేనే ముందు చక్రాలు లోపలి షాఫ్టుతో కలుస్తాయి. బురదలోకి వెళ్లేముందు దిగి రెండూ లాక్‌లో పెట్టాలి, బయటికొచ్చాక రెండూ ఫ్రీ చేయాలి. ఇక్కడ ఒకటి లాక్‌లో, ఒకటి ఫ్రీలో ఉండిపోయాయి. ఎడమ చక్రం పనిలేని షాఫ్టుని నాలుగు నెలలుగా తిప్పుకుంటూ తిరుగుతోంది, చేలో బురద లోపలికి చేరి దాని కీళ్లు పొడిబారాయి, వేగం పెరిగేకొద్దీ అది కొట్టుకుంటోంది. ఆ కొట్టుకునేదే టీచర్ గారి కాళ్ల కింద. బండికి జబ్బేం లేదు.

"మరి నేను ఫోర్ వీల్ వేసినప్పుడల్లా పచ్చగా వెలిగేదండి," అన్నాడు పాండురంగారావు. అతనికి ఇంకా ఏదో ఆశ.

"దీపం వెలుగుద్దండి. చక్రానికి తెలియాలిగా. ఈ బండి మీరు కొన్నప్పటి నుంచి ఒక్కరోజు కూడా ఫోర్ వీల్ కాలేదు."

ఏడాదిన్నరగా అతను దుకాణం ముందు నిలబడి ఎంతమందికి చెప్పాడో గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో చెప్పాడు. వియ్యంకుడికి చెప్పాడు. ఒకసారి తెనాలి స్టేషన్లో ఎవరో తెలియని పెద్దాయనకి, రైలొచ్చేదాకా, నాలుగు చక్రాల బలం గురించి చెప్పాడు. అందరికీ పేరుపేరునా ఫోను చేసి క్షమాపణ అడగాలంటే సంక్రాంతి దాకా పడుతుంది.

అనసూయ చీర దులుపుకుంటూ లేచింది. "ఏవండీ," అంది మెల్లగా, "ఇది నాభి అన్నారు."

ఎజ్రా గ్రీజు కోసమని షెడ్డు లోపలికి వెళ్లి, అక్కడ చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గులో నవ్వెంతో దగ్గెంతో వాళ్లిద్దరికీ తెలిసింది.

షాఫ్టు కీళ్లకి గ్రీజు కొట్టి, బిళ్ల తిప్పి ఫ్రీలో పెట్టేసరికి మధ్యాహ్నమైంది. తిప్పింది అనసూయే. ఇకనుంచి బొట్టు ముందు బంపరుకి పెడతాను, రాతలున్న చోట పెట్టను అని చెప్పింది. ఎజ్రా మంచిదమ్మా అన్నాడు. వెళ్లేటప్పుడు పాండురంగారావు చెయ్యి పట్టుకుని, ఈసారి తెలియకపోతే తెలియదనండి, ఇక్కడెవరూ మార్కులు తియ్యరు అన్నాడు. అనసూయ సంచి తీసుకుని, స్టేషన్ వైపు కాకుండా, బండి ఎడమ తలుపు వైపు నడిచింది. మినుముల సంచులు తీసి వెనక్కి వేసింది.

అరవై దాటింది. అరవై ఎనిమిది దాటింది. స్టీరింగ్ అతని చేతుల్లో మాట్లాడకుండా ఉంది. డెబ్బై అయిదు దగ్గర అతనికి కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది గానీ అద్దంలోంచి పొద్దు కొడుతోందని సర్దుకున్నాడు. అనసూయ ముందు అరలోంచి బండి పుస్తకం తీసింది. ప్లాస్టిక్ కవరు ఇంకా చింపనే లేదు. ఎర్రపెన్ను మొనతో చించి, ఇరవై మూడో పేజీ గట్టిగా చదివింది. రెండు వైపులా బిళ్లలు లాక్‌లో పెట్టనిదే ఫోర్ వీల్ పనిచేయదని, బొమ్మతో సహా, పెద్ద అక్షరాలతో ఉంది. అక్షరాలు కదలట్లేదండీ అంది.

అతనికి ఆ పేజీ ఇంకో చోట తగిలింది. పొన్నూరు దాటాక, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఆ రోజు ఈ బండి ఉన్నా ఆగిపోయేదే."

"ఏ రోజు?"

"మావయ్యగారు పోయిన రోజు. దానికోసమే కొన్నా దీన్ని. బస్తాలకి కాదు. ఇంకోసారి నువ్వు ఆలస్యంగా వెళ్లకూడదని కొన్నా. తీరా చూస్తే ఇదీ నీళ్లలో ఆగిపోయేదే. నాకు తిప్పడం తెలియదుగా."

అనసూయ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి కోతకొచ్చిన చేలు వెనక్కి పోతున్నాయి.

"ఆగిపోయేది. మీరు దిగి నాతో నడిచేవాళ్లు. ఆ రోజు నడవలేదా ఏంటి, రొమ్ముల్లోతు నీళ్లలో, ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో నా చెప్పులూ పట్టుకుని. నాన్న సంగతి తలుచుకుంటే నాకు ఆలస్యం గుర్తురాదండి, ఆ చెప్పులు గుర్తొస్తాయి. మూడేళ్ల నుంచి ఇది మోస్తున్నారా? నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని."

అడగలేదు. కాళ్ల కింద వణుకు సంగతీ అడగలేదు, ఇదీ అడగలేదు. రెండూ ఆ సీట్లోనే కూర్చుని ఉన్నాయి ఇన్నాళ్లూ.

అనసూయ ఫోను తీసి, ఆదివారం రావద్దని కిరీటికి చెప్పింది. ఎందుకని అతను అడిగినట్టున్నాడు. బండి బాగానే ఉందండి, తోలేవారికే కొంచెం రిపేరు ఉంది, అయింది అని పెట్టేసింది. తరవాత సంచిలోంచి పేపర్ల కట్ట తీసి, అట్ట ఒళ్లో పెట్టుకుంది. బండి డెబ్బై రెండులో ఉంది. మొదటి లెక్క పక్కన రైటు మార్కు పెట్టింది. అది తిన్నగా పడిందో లేదోనని పాండురంగారావు మెడ సాచి చూస్తుంటే, రోడ్డు చూడండి అంది.